జున్నుతో మియాపూర్ నుంచి మ్యూనిక్ దాకా

మా జున్ను ఊరకుక్కే. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనకున్న ఖాళీ స్థలంలో పిల్లగా దొరికాడు, ఇప్పుడు 4 ఏళ్లు, 19 కిలోలు. మా ఆయనకు మ్యూనిక్‌లో ఉద్యోగం ఖాయమైందని చెప్పగానే ఇంట్లో అందరూ అడిగిన మొదటి మాట "మరి దీన్నేం చేస్తారు?" అని. ఊళ్లో వదిలేయండి, తోటలో తిరుగుతూ ఉంటుంది అన్నారు అత్తయ్య. వదిలేసి వెళ్లే ఆలోచన మాకు ఒక్క నిమిషం కూడా రాలేదు గానీ, తీసుకెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. మార్చిలో మొదలుపెడితే సెప్టెంబర్‌లో విమానం ఎక్కాం. ఇదే దారిలో వెళ్లబోయేవాళ్లు మా లాగా నెలలు పోగొట్టుకోకూడదని వివరంగా రాస్తున్నాను.

టికెట్ గురించి తర్వాత ఆలోచించండి, ముందు క్యాలెండర్ తీయండి. యూరప్ యూనియన్ దేశాలకు రేబిస్ విషయంలో మన దేశం నుంచి వచ్చే కుక్కలంటే గట్టి పట్టింపు. మొదట గుర్తింపు కోసం చర్మం కింద 15 అంకెల మైక్రోచిప్ వేయించాలి, చిప్ పడ్డాకే రేబిస్ టీకా వేయించాలి, టీకా తర్వాత కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించి యూరప్ యూనియన్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాలి. అదే టైటర్ టెస్ట్, అంటే రేబిస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు రక్తంలో ఎన్ని ఉన్నాయో చూసే పరీక్ష. అందులో మిల్లీలీటరుకి 0.5 యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ రావాలి. వచ్చాక కూడా వెంటనే ఎక్కడానికి లేదు, రక్తం తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాల్సిందే. అంటే అన్నీ సవ్యంగా జరిగినా నాలుగు నెలలు దాటుతుంది.

మాకు సవ్యంగా జరగలేదు. మేం మొదట వెళ్లిన క్లినిక్‌లో చిప్ వేసి, జనవరిలో వేయించిన రేబిస్ టీకా చాలు, మళ్లీ అక్కర్లేదు అన్నారు. నమ్మాం. ఐదు వారాల తర్వాత రక్తం తీయించడానికి వేరే డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే ఆయన జున్ను టీకాల పుస్తకం తిరగేసి, "అమ్మా, చిప్ తేదీ కంటే టీకా తేదీ ముందుంది, ఇది లెక్కలోకి రాదు" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో. ఏప్రిల్ చివర్లో మళ్లీ టీకా, మే చివర్లో రక్తం, ఆగస్టు చివరిదాకా ఎదురుచూపు. జూన్‌లో మా ఆయన ఒక్కరే వెళ్లారు. కాబట్టి మీ డాక్టర్ గారిని మొదటి రోజే అడగండి, విదేశాలకు కుక్కల్ని పంపిన అనుభవం ఉందా, రక్తం ఏ ల్యాబ్‌కి పంపుతారు అని. తడుముకుంటే ఇంకొకరిని చూసుకోండి.

ఇక కుక్కల్ని విదేశాలకు పంపిపెట్టే ఏజెన్సీల సంగతి. ఒకళ్లు మూడు లక్షలకు పైగా చెప్పి సగం ముందే కట్టమన్నారు, అందులో ఏమేం ఉన్నాయి అంటే కాగితం మీద రాసివ్వలేదు. నేరుగా వెళ్లే విమానం ఉండి, మీరే కుక్కతో పాటు ప్రయాణం చేస్తుంటే ఏజెన్సీ అక్కర్లేదని నా అభిప్రాయం. పగ్, షీట్జూ లాంటి చప్పిడిముక్కు జాతులైతే వేరు, చాలా ఎయిర్‌లైన్స్ వాటిని విమానం కిందిభాగంలో ఎక్కించుకోవు, అప్పుడు తెలిసినవాళ్ల సాయం తీసుకోవడమే మంచిది. పిట్‌బుల్, బుల్ టెర్రియర్ లాంటి కొన్ని జాతులకైతే జర్మనీలోకి ప్రవేశమే లేదు. ఇంకొకటి, కుక్క వెళ్లిన రోజుకి అటూ ఇటూ 5 రోజుల్లోపు యజమాని కూడా ప్రయాణం చేయాలి, లేకపోతే వ్యాపారం కోసం పంపుతున్నట్టు లెక్కేస్తారు, ఆ రూల్స్ వేరు. అందుకే కాగితాలన్నీ నా పేరు మీదే చేయించాం.

మేం వెళ్లినప్పుడు హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా విమానం నేరుగా ఉండేది, దాన్నే ఎంచుకున్నాం. మధ్యలో విమానం మారితే టికెట్ చౌకగా వచ్చేదే గానీ, తెలియని ఎయిర్‌పోర్ట్‌లో కుక్క గంటలకొద్దీ క్రేట్‌లో, అంటే దాన్ని పెట్టి పంపే పెట్టెలో, పడి ఉండటం నాకిష్టం లేదు. బ్యాగ్‌తో కలిపి 8 కిలోల లోపుంటేనే సీటు దగ్గర పెట్టుకోనిస్తారు కాబట్టి జున్ను కిందే వెళ్లాలి. అక్కడ కూడా గాలి ఒత్తిడి, వేడి అదుపులోనే ఉంచుతారు. కానీ చోటు తక్కువ, మీ టికెట్‌తో పాటే కుక్కకీ చోటు ఖాయం చేయించుకోండి.

ఇక క్రేట్. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అసలైన పని ఇదే. కాగితాలు ఎవరైనా చేసిపెడతారు, ఇది మాత్రం మనమే చేయాలి. షాపువాళ్లు కుక్కను కళ్లతో చూసి ఒక సైజు అంటగట్టారు, ఇంటికి తెచ్చి చూస్తే వాడి చెవులు పైకప్పుకి తగులుతున్నాయి. టేపు పెట్టి కొలవండి. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకి నేల నుంచి ముందుకాలి మోచేయి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు, భుజాల వెడల్పుకి రెట్టింపు క్రేట్ వెడల్పు, నిలబడితే చెవుల దాకా ఉండే ఎత్తుకి కింద పరిచే గుడ్డ మందం కలిపితే క్రేట్ ఎత్తు. ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి ఇనుప నట్లు బిగించాం.

మొదటి వారం తలుపు ఊడదీసి హాల్లో పెట్టి, లోపల అమ్మ పాత మంగళగిరి నూలు చీర నాలుగు మడతలు వేసి పరిచాను. అన్నం గిన్నె గుమ్మం దగ్గర, మర్నాడు కాస్త లోపల, ఆ తర్వాత చివర్న. తలుపు బిగించాక ఒక నిమిషం, పది నిమిషాలు, గంట, తర్వాత రాత్రంతా. మొదట్లో మూలిగేవాడు, గోళ్లతో గీకేవాడు, అలాంటప్పుడు తలుపు తీస్తే అదే అలవాటవుతుందని ఊరుకునేవరకు పక్కనే కూర్చునేదాన్ని. ఆదివారాలు క్రేట్‌తో సహా కారెక్కించి ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దాకా తీసుకెళ్లి, విమానాల చప్పుడు వినిపించి తెచ్చేవాళ్లం. జులైలో ఒక రాత్రి పెద్ద ఉరుములు. ఉరుమంటే మంచం కింద దూరేవాడు ఎప్పుడూ. ఆ రాత్రి లేచి చూస్తే క్రేట్‌లో ఉన్నాడు, గడ్డం చీర మడత మీద ఆనించి, కళ్లు తెరిచి నా వైపే చూస్తున్నాడు, ఒళ్లు వణకడం లేదు. అప్పటిదాకా ఉన్న టెన్షన్ సగం దిగిపోయింది.

మత్తుమందు ఇప్పించమని చాలామంది చెప్పారు. డాక్టర్ గారు ససేమిరా అన్నారు. పైన ఊపిరి, రక్తపోటు తేడా చేస్తే చూసే దిక్కుండదు, క్రేట్ ఊగినప్పుడు తూలకుండా నిలబడటానికి కూడా వాడికి తెలివి ఉండాలి అన్నారు.

ఆఖరి వారం అంతా ఉరుకులు పరుగులు. యూరప్ హెల్త్ సర్టిఫికెట్ సంతకమయ్యాక 10 రోజుల్లోపు అక్కడ దిగాలి. శంషాబాద్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ ఆఫీసుకి ముందే అప్లై చేసి, కుక్కను, ఫైలును వెంట తీసుకెళ్లాలి. అన్నీ వరసలో పెట్టి రెండేసి జిరాక్సులు ఉంచుకోండి, చిప్ నంబరు ప్రతి కాగితంలో ఒకేలా ఉందో లేదో అంకె అంకె చూసుకోండి.

ఫ్లాట్ ఖాళీ చేశాక ఎయిర్‌పోర్ట్ దగ్గర కుక్కలకు చోటుందన్న ఒక హోటల్ బుక్ చేశాను. తీరా వెళ్తే కుక్కను కార్ పార్కింగ్‌లో కట్టేయమన్నారు. ముందే ఫోన్ చేసి "గదిలోకి రానిస్తారా" అని ఆ మాటే అడగాల్సింది. సామాను మళ్లీ ఎక్కించి అత్తాపూర్‌లో పిన్ని వాళ్లింటికి వెళ్లాం. వాళ్ల డాబా మీద మూడు రాత్రులు హాయిగా పడుకున్నాడు.

విమానం అర్ధరాత్రి దాటాక. ఒక రకంగా మేలు, రన్‌వే దగ్గర ఎండ ఉండదు. సాయంత్రం కొంచెం పెరుగన్నం పెట్టి, ఆ తర్వాత నీళ్లే. క్రేట్ తలుపుకున్న గిన్నెలో నీళ్లు ముందే గడ్డ కట్టించి పెట్టాను, మోసేటప్పుడు ఒలికిపోకుండా మెల్లగా కరుగుతాయి. సెక్యూరిటీలో వాణ్ణి బయటికి తీసి ఖాళీ క్రేట్ తనిఖీ చేశారు, కాబట్టి గొలుసు చేతిలోనే ఉంచుకోండి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిప్ స్కాన్ చేసి, కాగితాలు చూసి పంపించారు. బయట గడ్డి కనబడగానే జున్ను ఎంతసేపు నిలబడి పోసుకున్నాడో చెప్పలేను. చీర మాత్రం పొడిగా ఉంది, అన్ని గంటలూ ఆపుకున్నాడు. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. హోటల్‌లో కుక్కకు విడిగా డబ్బు తీసుకున్నారు గానీ రిసెప్షన్‌లోనే నీళ్ల గిన్నె పెట్టారు. అలసిన కుక్కను అదే రోజు రైలెక్కించకుండా ఒక రాత్రి ఆగడం మంచి పని అయింది. మర్నాడు మ్యూనిక్‌కి రైలు. పెద్ద కుక్కకు టికెట్ కొనాలి, గొలుసుతో పాటు మూతికి మజిల్, అంటే కరవకుండా వేసే తొడుగు, ఉండాలి. ఇది మాకు ఆలస్యంగా తెలిసింది, మీరు క్రేట్‌తో పాటే మజిల్ కూడా ఇంట్లోనే అలవాటు చేయండి.

ఇక్కడ ఇల్లు దొరకడమే కష్టం, కుక్కతో ఇంకా కష్టం, అందుకని మొదట ఫర్నిచర్ ఉన్న చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. కుక్కకు పన్ను కూడా ఉంది, మ్యూనిక్‌లో ఏడాదికి 100 యూరోలు. నమోదు చేయించాక పంపిన బిళ్ల ఇప్పుడు వాడి మెడలో ఉంది. క్రేట్ తలుపు మళ్లీ ఊడదీసి కిటికీ పక్కన పెట్టాం, చీర ఇంకా ఉతకలేదు.