ఎయిర్‌లెస్ పెయింట్ స్ప్రే మెషిన్: ఆరేళ్లు వాడాక నేను చెప్పేది

2019లో దసరా సీజన్‌కు కొంచెం ముందు ఈ ఎలక్ట్రిక్ ఎయిర్‌లెస్ మెషిన్ కొన్నాను. అప్పట్లో 78,000 అయింది. రేణిగుంట రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్ పని ఒప్పుకున్నాను. 24 ఫ్లాట్లు, చాలామంది గృహప్రవేశానికి ముహూర్తాలు కూడా పెట్టేసుకున్నారు. రోలర్లతో తెమిలే పని కాదని అప్పు చేసి కొన్నాను. ఇప్పటికీ అదే మెషిన్‌తో తిరుపతిలో, చుట్టుపక్కల పనులు చేస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పే విషయాలు ఈ రకం మెషిన్లు అన్నిటికీ సరిపోతాయి.

పని విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. రోలర్‌తో ఇద్దరు మనుషులు రోజంతా మెడలు పైకెత్తి చేసే సీలింగులు దీంతో ఒక పూటలో అయిపోతాయి. పుట్టీ పెట్టి రుద్దిన గోడ మీద ప్రైమర్ సమంగా పరుచుకుంటుంది, రోలర్ చారలు ఉండవు. కాకపోతే మాస్కింగ్‌కు పట్టే టైమ్‌ను ఎవరూ లెక్కలో వేసుకోరు. కిటికీలు, స్విచ్ బోర్డులు, గ్రానైట్ గడపలు అన్నీ కప్పాకే గన్ పట్టుకోవాలి. మనుషులు సామాన్లతో ఉంటున్న ఇంట్లో ఒక్క గదికే రంగు వేయాలంటే నేనిప్పటికీ రోలరే తీస్తాను.

ఈ మెషిన్‌లో గాలి ఉండదని చాలామందికి తెలియదు. మామూలు కంప్రెసర్ గన్‌లో గాలి పెయింటును తుంపర చేస్తుంది. ఇందులో పిస్టన్ పంపు పెయింటునే బకెట్‌లోంచి పీల్చి, సూదిబెజ్జం లాంటి టిప్ గుండా బయటికి తోస్తుంది. ప్రెషర్ 3,000 పీఎస్ఐ దాకా పోతుంది. కారు టైరులో మనం కొట్టించేది 32, 33. అంటే దాదాపు 90 రెట్లు ఎక్కువ. అంత ప్రెషర్‌తో వచ్చే పెయింటుకు గోడా, మన చర్మమూ ఒకటి కాదు. చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చేతికి రబ్బరు గ్లౌజ్ ఉన్నా ఆగదు.

ఇది నాకు మూడో ఏడు తెలిసొచ్చింది. కరకంబాడి రోడ్డులో ఒక ఇంటికి ప్రైమర్ కొడుతున్నాం. మధ్యాహ్నం టిప్ మూసుకుపోయింది. నా దగ్గర పనిచేసే అబ్బాయికి అప్పుడు పందొమ్మిదేళ్లు. మెషిన్ స్విచ్ ఆపేశాడు. ఆపాక ఇంకేం ఉంటుందిలే అనుకుని, వేళ్లు టిప్‌కు దగ్గరగా పోకుండా ఉండే గార్డ్ విప్పి, టిప్‌లో గట్టిపడిన పెయింటును ఎడమచేతి చూపుడువేలితో తుడవబోయాడు. కుడిచేతి వేళ్లు ట్రిగ్గర్ మీదే ఉన్నాయి. మోటారు ఆగినా హోస్‌లో ప్రెషర్ అలాగే నిలిచి ఉంటుంది. టప్‌మని ఒక్క శబ్దం వచ్చింది.

"ఏమయిందిరా?" అంటే, "ఏం లేదన్నా, చీమ కుట్టినట్టు అయింది" అన్నాడు. వేలు చూశాను. కొసన ఆవగింజంత చుక్క, పక్కన కొంచెం తెల్లగా ప్రైమర్. రక్తం కూడా సరిగా రాలేదు. నొప్పి లేదు, కొంచెం మొద్దుబారినట్టు ఉందన్నాడు. నేనూ కడుక్కోమని చెప్పి పనిలో పడ్డాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. గంటన్నరకు వేలు వంకాయలా ఉబ్బింది. అరచేతి దాకా సలుపు ఎక్కింది. దగ్గర్లో ఒక క్లినిక్‌కు తీసుకెళ్తే టీటీ ఇంజెక్షన్ వేసి, కట్టు కట్టి పంపబోయారు. వాళ్లకు కనిపించింది చిన్న చుక్కే కదా. చివరికి పెద్దాసుపత్రికి పోయాం. అక్కడి డాక్టరు వేలు పట్టుకుని చూసి, "ఏ మెషిన్? ఎంత ప్రెషర్? ఏం పెయింటు?" అని మూడే ప్రశ్నలు అడిగి, ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. వేలి కొస నుంచి అరచేతి మొదలు దాకా తెరిచి లోపలి పెయింటు కడిగారు. వేలు దక్కింది. చివరి కణుపు మాత్రం ఈరోజుకీ పూర్తిగా మడవలేడు. నీళ్ల పెయింటు కాబట్టి ఆ మాత్రమైనా దక్కింది, థిన్నర్ కలిపే పెయింటు అయితే లోపల కండను ఇంకా ఎక్కువ పాడుచేస్తుందని, వేలే తీసేయాల్సి వచ్చేదేమోనని డాక్టరు చెప్పారు.

కాబట్టి ఈ మెషిన్ వాడేవాళ్లందరికీ చేతులెత్తి చెబుతున్నాను. గన్ నుంచి గానీ, కారే హోస్ నుంచి గానీ చర్మం మీద సూది గుచ్చినంత గాటు పడినా దాన్ని మామూలు దెబ్బగా చూడకండి, ఎమర్జెన్సీగా చూడండి. నొప్పి లేదని ఆగొద్దు. పిండొద్దు. పెయింటు డబ్బాను, లేకపోతే దాని లేబుల్ ఫోటోను వెంట తీసుకుని నేరుగా సర్జన్లు ఉండే ఆసుపత్రికి పోండి. "హై ప్రెషర్‌తో పెయింటు లోపలికి ఎక్కింది" అని ఆ మాటలతోనే చెప్పండి. ఇక్కడ గంటలు కూడా లెక్కే.

ఆ రోజు తర్వాత మా పనిలో ఒక పద్ధతి వచ్చింది. టిప్ విప్పాలన్నా, ఫిల్టర్ కడగాలన్నా, టీకి పోవాలన్నా ఇదే వరస. ముందు ట్రిగ్గర్ లాక్ వేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకాలి. ప్రెషర్ నాబ్‌ను పూర్తిగా తగ్గించాలి. లాక్ తీసి, గన్‌ను ఇనుప బకెట్ అంచుకు ఆనించి, ట్రిగ్గర్ నొక్కి హోస్‌లో ఉన్నదంతా వదిలేయాలి. మళ్లీ లాక్ వేసి, ప్రైమ్ వాల్వ్‌ను (పంపులోని పెయింటును వెనక్కి బకెట్‌లోకి వదిలే నాబ్) డ్రెయిన్ వైపు తిప్పి అలాగే వదలాలి. అరనిమిషం పని. టిప్ బాగా మూసుకుపోయి ఉంటే ఇదంతా చేసినా లోపల ప్రెషర్ మిగలొచ్చు. అప్పుడు గార్డ్ నట్టును చాలా మెల్లగా, కొంచెం కొంచెంగా వదులు చేస్తాం. మామూలుగా టిప్ అడ్డుపడితే విప్పాల్సిన అవసరమే రాదు. టిప్‌ను వెనక్కి తిప్పి బకెట్‌లోకి ఒకసారి వదిలితే చెత్త బయటికొస్తుంది. పెయింటును ముందే నైలాన్ గుడ్డలో వడకడితే అసలు అడ్డుపడడమే సగానికి సగం తగ్గుతుంది.

హోస్‌ను పనికి ముందు చేత్తో తడిమి చూడడం కూడా మానేశాం. ప్రెషర్ లేనప్పుడు కళ్లతో చూస్తాం. ఎక్కడైనా ఉబ్బినా, పైపొర తెగినా పక్కన పడేస్తాం. టేపు చుట్టి వాడేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు.

ప్రెషర్ ఎంత పెట్టాలంటే, వీలైనంత తక్కువ. తక్కువలో మొదలుపెట్టి, అట్టముక్క మీద కొట్టి చూస్తూ, ఫ్యాన్ (టిప్ నుంచి విసనకర్రలా పరుచుకునే పెయింటు పట్టీ) రెండు అంచుల్లో గీతలు పోయేదాకా మాత్రమే పెంచాలి. ఎమల్షన్‌కు నేను ఎక్కువగా 517 టిప్ వాడతాను. మొదటి అంకెను రెట్టింపు చేస్తే 10. అడుగు దూరం నుంచి కొడితే ఫ్యాన్ అన్ని అంగుళాలు వస్తుంది. 17 అంటే బెజ్జం అంగుళంలో వెయ్యికి 17 వంతులు. టిప్ అరిగేకొద్దీ ఫ్యాన్ వెడల్పు తగ్గి, పెయింటు ఖర్చు పెరుగుతుంది. ఏడున్నర అంగుళాలకు దిగిందంటే కొత్తది వేస్తాను. అరిగిన టిప్‌తో మిగిలేది ఏమీ లేదు, పెయింటులో పోయేదే ఎక్కువ.

కరెంటు గురించి మన ఊళ్ల సంగతి వేరుగా చెప్పాలి. కట్టే ఇళ్లలో టెంపరరీ కనెక్షన్ ఉంటుంది, చాలాచోట్ల ఎర్తింగ్ ఉండదు. మూడు పిన్నుల ప్లగ్‌కు రెండు వైర్లు తగిలించి పని కానిస్తారు. నీళ్ల పెయింటుకు షాక్ భయం. ఎనామిల్‌కు, థిన్నర్‌కు ఇంకో భయం కూడా ఉంది. పెయింటు హోస్‌లో వేగంగా పారేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడుతుంది, ఎర్త్ లేకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఎనామిల్ పని ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపిస్తాను. మెషిన్‌ను గన్ కొట్టే చోటికి 20 అడుగుల దూరంలో పెడతాను. థిన్నర్‌తో కడిగేటప్పుడు టిప్ తీసేసి, తక్కువ ప్రెషర్‌లో, ఇనుప బకెట్‌లోకే వదులుతాం, ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు. తిరుచానూరు దగ్గర ఒక ఇంట్లో మేం తలుపులకు ఎనామిల్ కొడుతుంటే ఇంటి పెద్దావిడ శుక్రవారమని దేవుడిగదిలో దీపం పెట్టడానికి వచ్చారు. అగ్గిపెట్టె చేతిలో ఉంది. "అమ్మా, ఈ ఒక్క పూట ఆగండి, వాసన పోయాక పెట్టుకుందురు" అని బతిమాలుకున్నాను. ఆవిడ మంచిగా అర్థం చేసుకున్నారు. అప్పటినుంచి పని ఒప్పుకునేటప్పుడే దీపం, గ్యాస్ పొయ్యి సంగతి చెప్పేస్తున్నాను.

మాస్కు విషయంలో కర్చీఫ్ కట్టుకోవడం వల్ల లాభం లేదు. మామూలు ఎన్95 తుంపరను ఆపుతుంది గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి ఆవిరిని పీల్చే కార్ట్రిడ్జ్‌లున్న మాస్కే కావాలి. మే నెలలో మన ఎండకు అది పెట్టుకుని పనిచేయడం కష్టమే, ఒప్పుకుంటాను. అందుకే ఎండాకాలంలో పొద్దున ఆరింటికే మొదలుపెట్టి పదిన్నరకు ఆపేస్తాం. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురిథేన్) పాలిష్‌ను మాత్రం నేను ఈ మెషిన్‌తో కొట్టను. అందులో ఉండే ఐసోసయనేట్లు అనే రసాయనాల వల్ల ఆస్తమా రావొచ్చు. దానికి బయటినుంచి గాలి అందించే మాస్కు కావాలి, అది నా దగ్గర లేదు.

ఆడికృత్తిక రోజుల్లో (జూలై, ఆగస్టు) వీచే గాలికి బయటిగోడల పని పెట్టుకోవద్దు, మూడిళ్ల అవతలి కార్ల మీద పడుతుంది. సారవ (పరంజా) మీద నిలబడి కొట్టేటప్పుడు ట్రిగ్గర్ నొక్కగానే గన్ వెనక్కి తంతుంది, కాళ్లు కుదురుగా పెట్టుకున్నాకే నొక్కాలి.

రిపేర్ల సంగతికి వస్తే పెద్దగా ఏమీ లేదు. కరోనా లాక్‌డౌన్‌లో నీళ్లతో కడిగి అలాగే మూలన పెట్టేశాను. తీసేసరికి కింది వాల్వ్‌లో బాల్ అతుక్కుపోయి పెయింటు లాగలేదు. ఇప్పుడు వారానికి మించి ఆపాల్సి వస్తే పంపులో ఆయిల్ ఎక్కించి పెడుతున్నాను. పిస్టన్ సీల్ ఒకసారి మార్చాను. లో ఓల్టేజ్ ఉన్నచోట సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వేస్తే మోటారు వేడెక్కుతుంది, లావు వైరు కొనండి.

ఏడాదికి పది, పదిహేను ఇళ్లు చేసే మేస్త్రీలకు ఈ మెషిన్ కొనమనే చెబుతాను. ఒక్క ఇంటికోసం అయితే అద్దెకు తెచ్చుకోండి. తెచ్చేముందు షాపులోనే మూడు చూడండి: ట్రిగ్గర్ లాక్ పడుతోందా, టిప్ గార్డ్ ఉందా, హోస్ మీద టేపు ఏమైనా చుట్టారా. గార్డ్ లేకుండా ఇస్తామంటే ఎంత తక్కువకు వచ్చినా ఆ మెషిన్‌ను అక్కడే వదిలేసి రండి.