సాప్‌విత్ క్యామెల్ 1/72 కిట్: కొలతలు సరే, ఇంజనే తప్పు

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక హాబీ షాపులో అమ్ముతున్న ప్లాస్టిక్ కిట్ ఇది, మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం సాప్‌విత్ క్యామెల్‌కు 72వ వంతు మోడల్. (రోడ్డు పేరులోని ‘ఎయిర్’ ఆకాశవాణి, విమానాలది కాదు.) కొలతల్లో వంక పెట్టడానికి లేదు. అసలు విమానం రెక్కల పొడవు 28 అడుగులు, ఇందులో 118 మి.మీ.

చిక్కంతా ఇంజనుతోనే. కిట్‌లో దాన్ని కదలకుండా బిగించేశారు, ప్రొపెల్లర్ ఒక్కటే తిరుగుతుంది. అసలు విమానంలోని క్లెర్జే రోటరీ ఇంజనులో నడిమి షాఫ్ట్ కదలదు, 9 సిలిండర్లూ ప్రొపెల్లర్‌తో కలిసి గిర్రున తిరుగుతాయి. కొత్త పైలట్ల కొంప ముంచింది ఆ తిరుగుడే: కుడికి మళ్లిస్తే ముక్కు దిగుతుంది, ఎడమకి మళ్లిస్తే లేస్తుంది. ఇంజను, రెండు వికర్స్ మెషిన్ గన్నులు, పైలట్, ట్యాంకు అన్నీ ముందు 7 అడుగుల్లోనే ఇరుక్కున్నాయి. చటుక్కున మళ్లేదీ అందుకే, చెయ్యి కాస్త తప్పితే స్పిన్‌లో (గింగిరాలు తిరుగుతూ కిందికి పోవడం) పడేదీ అందుకే. క్యామెల్ నడుపుతూ పోరాటంలో పోయినవాళ్లు 413 మంది అయితే, పోరాటంతో సంబంధం లేకుండా పోయినవాళ్లు 385 మందని లెక్క. అలాంటి ఇంజను కదలకపోతే ఇక మోడలెందుకు? వెనక అతుకు కోసి, 1 మి.మీ. రంధ్రం చేసి, ఇత్తడి తీగ మీద కూర్చోబెట్టండి. ప్రొపెల్లర్‌ను ఇంజనుకే అంటించండి.

ఆ ఇంజనుకు నూనె ఆముదం, పెట్రోలులో తొందరగా కలవదని. వాడిన నూనె తిరిగి రాదు, బయటికి చిమ్మి పైలట్ ముఖాన పడేది. లోపలికి పోతే కడుపు ఏమవుతుందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. మోడల్ పొట్ట కింద పలచటి గోధుమరంగు మరకలు వెయ్యండి.

సీటు వెనక ట్యాంకు కిట్‌లో లేదు, ప్లాస్టిక్ రాడ్డు ముక్కతో చేసుకోవాలి. వీపు వెనక పెట్రోలు, చుట్టూ డోపు (ఇట్టే అంటుకునే వార్నిష్) పూసిన గుడ్డ, బ్రిటిష్ పైలట్లకు పారాచూట్ లేదు. మంటంటే వాళ్లు అంత భయపడింది ఇందుకే.

మన ఎండకు షాపులోనే కింది రెక్క వంగిపోయి ఉంటుంది. వేడినీళ్లలో ముంచి సరిచెయ్యండి. పై రెక్క చదునుగా, కింది రెక్క కొసలు 5 మి.మీ. పైకి ఉండాలి.

1917 అక్టోబరు 26న భారతీయ పైలట్ హర్దిత్ సింగ్ మాలిక్ క్యామెల్‌కు 400కు పైగా తూటాలు తగిలాయి. మోడల్ మీద ఆ తూట్లు చూపాలనుకుంటే సూదితో మాత్రం పొడవకండి. 7.92 మి.మీ. జర్మన్ తూటా ఈ స్కేలులో 0.11 మి.మీ. మాత్రమే. పెన్సిల్ మొనతో చుక్క పెడితే అదే ఎక్కువ.