చార్టు కొనండి, కానీ ‘మారుపేరు’ గడి సరిచేశాకే గోడకు తగిలించండి

కోఠీ, సుల్తాన్ బజార్ పుస్తకాల దుకాణాల్లో దొరుకుతున్న గోడ చార్టు గురించి ఈ సమీక్ష. రాష్ట్రాల మారుపేర్లు, నినాదాలు, చిహ్నాలు అన్నీ ఒకే కాగితం మీద వేశారు. కొలత 20×30 అంగుళాలు. రెండువైపులా లామినేషన్ ఉంది, పైనా కిందా ప్లాస్టిక్ పట్టీలు, వేలాడదీయడానికి తాడు. వెల 120 రూపాయలు. 28 రాష్ట్రాలకు 28 వరసలు, వరసకు ఐదు గడులు. అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టల్ గదుల్లో గ్రూప్స్‌కు చదివేవాళ్ళకూ, బడిలో సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లకూ పనికొచ్చే సరుకే. అచ్చుతప్పులు తక్కువ. అసలు తప్పులు అచ్చులో కాదు, ఏ మాటను ఏ గడిలో పెట్టారన్న దగ్గర ఉన్నాయి.

ముందు తెలంగాణ వరస చూడండి. మారుపేరు గడిలో ‘కోటి రతనాల వీణ / ముత్యాల నగరం’ అని వేసి, పక్కన ‘సహజ సంపద వల్ల వచ్చిన పేరు’ అని వివరణ ఇచ్చారు. చార్టు మొత్తంలో మనసు కష్టపెట్టే తప్పు ఇదే. ‘కోటి రతనాల వీణ’ అన్న మాట కవి దాశరథి కృష్ణమాచార్యది. నిజాం పాలనను ఎదిరించి నిజామాబాదు జైల్లో ఉన్నప్పుడు బొగ్గుతో గోడ మీద రాసిన పద్యంలోది. పద్యం సంపదను పొగడదు. నిజామును నిలదీసి, తీగెలు తెంపి నిప్పుల్లో పడేశావు నా వీణను అంటుంది. అంటే ఆ వీణ మోగుతున్న వీణ కాదు, తెగిన వీణ. ఆ కోపం తీసేసి ‘సహజ సంపద’ అని రాస్తే, పిల్లవాడు బొగ్గు గనులనో గ్రానైటునో తలుచుకుని ఊరుకుంటాడు. ఇంకో చిన్న సంగతి. ఆ పద్యం తేటగీతి. గణాలు లెక్కేసి చూస్తే ‘నా తెలంగాణ కోటి రత్నాల వీణ’ అంటేనే పాదం నిలుస్తుంది, ‘నా’తో మొదలైన పాదానికి నాలుగో గణంలో ‘నా’ యతిగా కుదురుతుంది. ‘రతనాల’ అనేది జనం నోట మెత్తబడిన రూపం. వాడుకలో రెండూ ఉన్నాయి కనుక చార్టులో ‘రతనాల’ ఉంచినా తప్పు పట్టలేం. వివరణ మాత్రం మార్చి తీరాలి.

గీత గీసి పక్కన పెట్టిన ‘ముత్యాల నగరం’ రాష్ట్రం పేరు కానే కాదు, హైదరాబాదుది. ఆ పేరు ముత్యాలు ఇక్కడ దొరకడం వల్ల రాలేదు. మనకు దగ్గరలో సముద్రమే లేదు. పర్షియన్ గల్ఫ్ నుంచి వచ్చిన ముత్యాలను ఇక్కడ ఏరి, రంధ్రం వేసి, దండ గుచ్చి అమ్మిన వ్యాపారం వల్ల వచ్చింది. పాతబస్తీ పత్తర్‌గట్టీలో ఇప్పటికీ ఆ దుకాణాలున్నాయి. చార్టు వేసినవాళ్ళు నగరం పేరే ఇవ్వాలనుకుంటే ఇంకో మంచి పేరు ఉంది. నిజాంల కాలపు నాణేల మీద టంకశాల పేరు ‘ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్’ అని ఉంటుంది. శుభమైన పునాది గలదని అర్థం. ఇక ‘భాగ్యనగరం’ సంగతికొస్తే, భాగమతి పేరు మీద వచ్చిందనేవాళ్ళు కొందరు, ‘బాగ్’ అంటే తోట కనుక తోటల నగరమనేవాళ్ళు కొందరు. 17వ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ‘బాగ్‌నగర్’ అనే రాశాడు. చార్టు ఇందులో ఒక్క కథనే ఖాయమన్నట్టు వేసింది. అక్కడ ‘అంటారు’ అన్న ఒక్క మాట చేరిస్తే చాలు.

‘అన్నపాత్ర’ (రైస్ బౌల్) అనే పేరు చార్టులో రెండుచోట్ల ఉంది, ఆంధ్రప్రదేశ్ వరసలోనూ ఛత్తీస్‌గఢ్ వరసలోనూ. ఇది అచ్చుతప్పు కాదు, వాడుకలో రెండింటికీ ఆ పేరుంది. చిక్కు ఏమిటంటే, పోటీ పరీక్షకు చదివేవాళ్ళు దీన్ని ఒక్క జవాబు బిట్టుగా బట్టీపడతారు. ఆంధ్రకు ఆ పేరు రావడం వెనుక గోదావరి, కృష్ణా డెల్టాలున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది, కాలువల నీళ్ళు పారాకే అక్కడ వరి విస్తరించింది. ఛత్తీస్‌గఢ్‌కు వచ్చింది మహానది మైదానపు వరి వల్ల. ఆప్షన్లలో రెండూ కనబడితే ప్రశ్నలో ‘డెల్టా’, ‘మధ్య భారతం’ లాంటి గుర్తుల కోసం చూడాలి. చార్టు ఈ కారణాన్ని నాలుగు మాటల్లో వేసి ఉంటే ఎంతో మేలు జరిగేది. చోటూ ఉంది.

కేరళ వరసలోని ‘దేవుడి సొంత దేశం’ మరో రకం. అది కవి మాటా కాదు, పంట వల్ల వచ్చిందీ కాదు. 1989లో పర్యాటక ప్రచారం కోసం తీసుకున్న ప్రకటన వాక్యం.

ఇప్పుడు నినాదం గడి. ఆ శీర్షికే సరికాదు. రాజముద్ర కింద ఉండేది ధ్యేయవాక్యం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారేది నినాదం. చార్టులో తెలంగాణకు ‘బంగారు తెలంగాణ’ అని వేశారు. అది 2014 తర్వాతి నినాదం. రాజముద్రలో ఉన్నది ‘సత్యమేవ జయతే’. కాకతీయ కళాతోరణం, దాని లోపల చార్మినార్, పైన అశోకుడి సింహాలు, చుట్టూ మూడు భాషల్లో ప్రభుత్వం పేరు, కింద నాగరి లిపిలో ఆ వాక్యం. ముండకోపనిషత్తు మూడో ముండకం, మొదటి ఖండం, ఆరో మంత్రంలోది. దాన్ని తెలంగాణ సొంత వాక్యమని చెప్పడం కూడా పొరపాటే. జాతీయ చిహ్నంతో పాటు వచ్చిన వాక్యమది, చాలా రాష్ట్రాల ముద్రల్లో ఉంది. తమిళనాడు ముద్రలో మాత్రం అదే భావాన్ని తమిళంలో ‘వాయ్‌మైయే వెల్లుమ్’ అని రాసుకున్నారు. ఈ తేడాను చార్టు సరిగ్గా పట్టింది, మెచ్చుకోవాలి. నిజాం కాలపు హైదరాబాదు రాజ్యపు జెండా మీద ‘అల్ అజ్మతు లిల్లాహ్’ అని, అంటే ఘనత అంతా దేవుడిదేనని ఉండేది. పాత రాజ్యాల ప్రస్తావనే చార్టులో లేదు. ఆ లోటు పెద్దదేమీ కాదు.

చిహ్నాల గడిలో ఒక్క వరసే పాతబడింది. ఆంధ్రప్రదేశ్‌కు ఉమ్మడి రాష్ట్రం నాటి పాలపిట్టనే ఉంచేశారు. 2018లో ఆ రాష్ట్రం రామచిలుకను తీసుకుంది. తెలంగాణకు పాలపిట్ట, చుక్కల జింక, జమ్మి, తంగేడు సరిగ్గా ఉన్నాయి. జమ్మి బొమ్మ మాత్రం చూడబోతే సర్కారు తుమ్మలా ఉంది.

ఇక తయారీ. 30 అంగుళాల ఎత్తులో శీర్షికతో పాటు 28 వరసలు ఇరికించారు కనుక వరసకు అంగుళం కూడా రాదు. రాజముద్రలు రూపాయి బిళ్ళంత ఉన్నాయి, వాటి కింది ధ్యేయవాక్యం కంటికి ఆనదు. గదిలో మంచం పక్కన మూడడుగుల దూరానికి బాగుంటుంది. తరగతిలో వెనక బెంచీకి పనికిరాదు. లామినేషన్ మెరుపు రకం కావడంతో ట్యూబులైటుకు ఎదురుగా పెడితే మధ్య వరసలు తెల్లబడిపోతాయి, కనుక వెలుతురు పక్కనుంచి పడే గోడ చూసుకోండి. చుట్టి ఇచ్చిన చార్టును విప్పి, ఎదురువైపు చుట్టి రాత్రంతా ఉంచితే ఒంపు పోతుంది. రెండువైపుల అంటుకునే టేపు వాడకండి, డిస్టెంపర్ పెచ్చులుగా ఊడుతుంది. ఒక మేకు చాలు.

తప్పులు దిద్దడానికి బాల్‌పెన్ను పనిచేయదు, లామినేషన్ మీద సిరా నిలవదు. ఏ4 సైజు స్టిక్కర్ కాగితం మీద గడి కొలతకు టైపు చేయించి, కత్తిరించి, గుడ్డతో దుమ్ము తుడిచాక అంటించండి. మొత్తం ఆరు స్టిక్కర్లు కావాలి. తెలంగాణ మారుపేరుకు ఒకటి, ధ్యేయవాక్యానికి ఒకటి, భాగ్యనగరం వివరణకు ఒకటి, రెండు అన్నపాత్రలకు చెరొకటి, ఆంధ్రప్రదేశ్ పక్షికి ఒకటి. కొనేముందు దుకాణంలోనే చార్టు విప్పి ఆంధ్రప్రదేశ్ వరస చూడండి. అక్కడ రామచిలుక ఉంటే అది సవరించిన ముద్రణ, ఒక స్టిక్కరు తగ్గుతుంది.