పత్తి చేలో 10 రెట్ల భూతద్దం

ఈ మడత భూతద్దాన్ని ఇతర పురుగులను వేటాడి తినే రెడువిడ్ నల్లులను గుర్తుపట్టడానికే కొన్నాను. డబ్బు వృథా కాలేదు. మూడు కటకాలను కలిపి అతికించింది కాబట్టి అంచుల దగ్గర రంగులు చెదరవు. కంటికి ఆనించి పట్టుకుని, గాజు సీసాలోని పురుగును రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తేవాలి. చేత్తో పట్టుకోకండి, కుడితే విపరీతమైన నొప్పి.

రెడువిడ్ తొండం మూడు కణుపులతో కొడవలిలా వంగి ఉంటుంది. గింజల రసం పీల్చే ఎర్ర పత్తి నల్లిది నాలుగు కణుపుల నిటారు తొండం. రెండూ ఎరుపు నలుపులే! మందు కొట్టే ముందు ఈ తేడా చూసి తీరాలి, లేకపోతే శనగపచ్చ పురుగును తినే నేస్తాన్నే చంపుకుంటాం.

జాతుల విషయంలో మాత్రం దీని శక్తి పరిమితమే. రైనోకోరిస్ మార్జినేటస్ అనే ఒక్క రెడువిడ్ జాతిలోనే పొట్ట అంచు పూర్తిగా నల్లగా, పూర్తిగా ఎర్రగా, రెండు రంగుల పట్టీలతో మూడు రూపాలున్నాయి. రంగును నమ్మి వాటిని మూడు జాతులుగా రాసేయకూడదు. ఫ్యూసిపెస్, 1986లో వర్ణించిన కుమారీ అనే వేరే జాతులు కూడా ఈ రైనోకోరిస్ ప్రజాతివే. సందేహం మిగిలితే మగపురుగు జననాంగాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాలి.

మడత దగ్గరి మర త్వరగా వదులవుతుంది. చిన్న స్క్రూడ్రైవర్ వెంట ఉంచుకోండి.