గుణదల కొండ కింద జపమాల కొనబోయేవాళ్లకు: ఏ రకం ఎన్నాళ్లు నిలుస్తుంది

విజయవాడలో గుణదల కొండ దగ్గర కొవ్వొత్తుల దుకాణాల ముందు జపమాలలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లూర్దుమాత ఉత్సవాలప్పుడైతే వాటి మధ్య నుంచి నడిచివెళ్లడమే కష్టం. దూరం నుంచి చూస్తే రంగులో, మెరుపులో తప్ప తేడా తెలియదు. ఇంటికి తెచ్చాక ఒకటి ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఇంకొకటి గుడ్‌ఫ్రైడే దాకా కూడా రాదు. వేళాంగణ్ణి నుంచి తెచ్చుకున్నా, మీ ఊరి గుడి (చర్చి) పక్కన కొన్నా ఇదే వరస.

ఈ సమీక్ష రోజూ మరియమాత జపం చెప్పే కతోలికుల కోసం. మెడలో వేసుకోవడానికో, బండి అద్దానికి తగిలించడానికో అయితే కంటికి నచ్చింది కొనేసుకోవచ్చు. జపానికైతే దానితో పని బొటనవేలికీ చూపుడువేలికీ ఉంటుంది. కాబట్టి దుకాణంలో కూడా వాటినే నమ్ముకోవాలి.

చేతిలోకి తీసుకోగానే లెక్కపెట్టండి. సిలువ తర్వాత ఒక పెద్ద పూస, మూడు చిన్నవి, మళ్లీ ఒక పెద్దది, దానిపైన మాత బొమ్మ ఉన్న బిళ్ల. బిళ్ల దగ్గర మొదలుపెట్టి పది చిన్నవి, ఒక పెద్దది, పది చిన్నవి, ఒక పెద్దది అంటూ చుట్టూ తిరిగి, అయిదో పది మళ్లీ బిళ్ల దగ్గరికే చేరాలి. చిన్నవి 53, పెద్దవి 6, మొత్తం 59. చుట్టులో పెద్ద పూసలు నాలుగే ఉంటాయి. అయిదు పదులకు నాలుగేమిటని దుకాణదారుతో గొడవపడక్కర్లేదు, మొదటి పదికి పరలోక జపం (యేసు నేర్పిన ప్రార్థన) చెప్పేది బిళ్ల కింద ఉన్న పెద్ద పూస మీదే. చవక రకాల్లో తొమ్మిది పూసల పదులు, పదకొండు పూసల పదులు తగులుతుంటాయి. ఒక్క పూసే కదా అని సర్దుకుంటే రోజూ సరిగ్గా అదే చోట తడబాటు వస్తుంది. దేవరహస్యం మీద, అంటే ఆ పదిలో ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టం మీద ఉండాల్సిన మనసు లెక్కల్లోకి జారిపోతుంది.

లెక్క సరిపోయాక కళ్లు మూసుకుని ఒక పది తిప్పి చూడండి. పెద్ద పూస వచ్చిందని చూడకుండానే వేలికి తెలిసిపోవాలి. పరిమాణంలో తేడా లేకపోతే కనీసం దానికి అటూ ఇటూ గొలుసో ముడులో కాస్త ఎడంగా ఉండాలి. అన్ని పూసలూ ఒకే సైజులో ఒకే ఎడంతో గుచ్చినవి చూడ్డానికి ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. చిన్న పూస 6 నుంచి 8 మిల్లీమీటర్లు, సుమారు శనగగింజంత ఉంటే పెద్దవాళ్ల చేతికి సుఖం. ధనియాలంత ఉన్న 4 మిల్లీమీటర్ల పూసలు మెడకు బాగుంటాయి గానీ వేళ్ల మధ్య రెండేసి దొర్లిపోతాయి. కీళ్లనొప్పులున్న అమ్మమ్మలకు కొంటుంటే 10 మిల్లీమీటర్ల చెక్క పూసలు వెతకండి.

ఇక రకాలు. రోజువారీ వాడకానికి మా ఓటు నైలాన్ తాడుకు ముడులు వేసి గుచ్చిన చెక్క పూసల జపమాలకే. తేలిగ్గా ఉంటుంది, గుడిలో బల్లకు తగిలినా చప్పుడు కాదు, చెమట పట్టిన చేతిలో జారదు. దిండు కింద పెట్టుకుని పడుకున్నా వంకరపోవడానికి అందులో ఏమీ ఉండదు. లోపాలు రెండు. మొదటిది రంగు. నల్లగా, ఎర్రగా మెరిసే చెక్క పూసల్ని తడిపిన తెల్ల చేతిరుమాలుతో గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగు అంటితే వేసవిలో మీ చొక్కా జేబుకూ అంటుతుంది. రెండోది నీళ్లు. నానిన చెక్క ఉబ్బి, ఆరాక చీలుతుంది. స్నానానికి వెళ్లేటప్పుడు తీసి పక్కన పెట్టాలి. ‘గంధపు చెక్క’ అని ఎక్కువ ధర చెప్తే ఒక పూసను గోటితో గీకి వాసన చూడండి, చాలావాటిలో సువాసన పైన పూసిన నూనెది. మా మార్కులు అయిదుకు నాలుగున్నర.

నైలాన్ దారానికి ప్లాస్టిక్ పూసలు గుచ్చినవి అన్నిటికన్నా చవక. జ్ఞానోపదేశం (గుడిలో చెప్పే మతబోధ తరగతుల) పిల్లలకు పంచడానికి డజన్ల లెక్కన కొనేది ఇవే. ఇవి తెగేది దారం నాసిది కావడం వల్లే అనుకుంటాం గానీ, తప్పు చాలాసార్లు పూసది. అచ్చులో పోసినప్పుడు రంధ్రం అంచున మిగిలిన పదునైన ప్లాస్టిక్ ముక్క, రోజూ తిప్పేకొద్దీ దారాన్ని రంపంలా కోస్తుంది. కొనేముందు పూసను దారం మీద అటూ ఇటూ లాగి చూడండి, గరగరమంటే వదిలేయండి. సిలువ దగ్గరి ముడి కొస వదులుగా ఉంటే కొవ్వొత్తి మంటకు ఒక్క క్షణం చూపి కరిగిస్తే బిగుసుకుంటుంది. ఎక్కువసేపు పెడితే ముడే ఊడుతుంది. అయిదుకు మూడు, ఆ మూడూ ధరకే.

క్రిస్టల్ పేరుతో అమ్మే గాజు పూసలవి బహుమతికి బాగుంటాయి. జ్ఞానస్నానానికి, మొదటి దివ్యసత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే అప్పాన్ని తొలిసారి తీసుకునే వేడుకకు) ఇచ్చేది ఎక్కువగా ఇవే. బరువు ఉంటుంది కాబట్టి వేలికి స్పష్టంగా తెలుస్తాయి, అది మంచి గుణమే. కానీ ఏప్రిల్, మే ఎండల్లో చెమట చేతికి జారతాయి, గుడి గచ్చు మీద పడితే అంచులు పెచ్చులూడి గుచ్చుకుంటాయి. ఇంద్రధనుస్సు రంగులు పైపూత మాత్రమే, వాడేకొద్దీ అరిగిపోతుంది.

గొలుసు జపమాలల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బాగుచేయమని తెచ్చేవాటిలో ఎక్కువ ఇవే. ఒక్కో పూస గుండా సన్నటి తీగ వెళ్లి రెండు వైపులా కొక్కెంలా వంగి ఉంటుంది. ఆ కొక్కేలు పూర్తిగా మూసుకోకపోతే, ఎంత ఖరీదు పెట్టినా వారంలో పూసలు చీర మడతల్లో వెతుక్కోవాలి. బిళ్ల దగ్గర మూడు వరసలు కలుస్తాయి, లాగుడంతా అక్కడే పడుతుంది. ఆ మూడు రింగులనూ, తర్వాత సిలువ రింగునూ గోరుతో తడమండి. సందులోకి గోరు దిగితే అది తెరుచుకునేదే. రింగు విడివడితే ఇంట్లోనే బిగించుకోవచ్చు, సన్నమూతి కట్టింగ్ ప్లేయర్ చాలు. అయితే రెండు కొసల్ని ఎడంగా లాగొద్దు. ఒకదాన్ని ముందుకు, ఒకదాన్ని వెనక్కు తిప్పి తెరవండి, మూసేటప్పుడూ అలాగే తిప్పండి. ఎడంగా లాగిన రింగు మళ్లీ గుండ్రంగా రాదు, నాలుగు రోజుల్లో మళ్లీ ఊడుతుంది. వెండిరంగు పూత చెమటకు నల్లబడితే పాడైందనుకోవద్దు, పొడిబట్టతో తుడవండి. మెడ దగ్గర దురద పెడుతుంటే మాత్రం పూత కింది లోహం పడట్లేదని అర్థం, తాడుదానికి మారండి. అయిదుకు మూడున్నర, రింగులు అతికించినవి దొరికితే నాలుగు.

రేడియం పూసలు చీకట్లో కాసేపు వెలుగుతాయి. రాత్రి దీపం ఆర్పేసే ఆసుపత్రి వార్డులో, చిన్నపిల్లల పక్కలో పనికొస్తాయి. పగలు వెలుతురు తగలకుండా డబ్బాలో పెడితే రాత్రికి ఏమీ వెలగదు.

ఉంగరం జపమాలకు పది బొడిపెలు, ఒక సిలువ గుర్తు ఉంటాయి. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఒక పది చెప్పుకోవడానికి ఇంతకన్నా తేలికైంది లేదు. పిండి కలిపే చేతికి వేసుకోకండి, బొడిపెల మధ్య చేరిన పిండి ఓ పట్టాన పోదు. ఎలక్ట్రానిక్ వేలి కౌంటర్లు జపానికి సరిపడవు. ఒకటి, రెండు అంటూ యాభై మూడు దాకా పోతుంది తప్ప పదికోసారి ఆగదు, పరలోక జపం ఎక్కడ చెప్పాలో దానికి తెలియదు. దాని బదులు చేతికున్న పది వేళ్లు మేలు. ఫోన్లో ఆడియో పెట్టుకుని కలిసి చెప్పడం మంచంపట్టినవాళ్లకు, వంటింట్లో చేతులు తీరికలేనివాళ్లకు ఉపకారమే. కాకపోతే వేగం మన చేతిలో ఉండదు, మధ్యలో ఫోన్ మోగితే ఏ పదిలో ఉన్నామో పోతుంది.

జపమాలతో పాటు ఇచ్చే మడత కాగితం చూడకుండా డబ్బులివ్వకండి. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్ర దుఃఖ, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం వెలుగు. ఈ వెలుగు దేవరహస్యాలను రెండో జాన్‌పాల్ పోపుగారు 2002 అక్టోబరులో చేర్చారు. యోర్దానులో జ్ఞానస్నానం, కానా ఊరి పెళ్లి, దైవరాజ్య ప్రకటన, దివ్యరూపధారణ, దివ్యసత్ప్రసాద స్థాపన, ఇవీ ఆ అయిదు. మీకిచ్చిన కాగితంలో గురువారానికి సంతోష దేవరహస్యాలని ఉంటే అది పాత అచ్చు చూసి మళ్లీ కొట్టింది. అలా చెప్తే పాపమేమీ కాదు. కానీ ఇంట్లో ఒకరు కొత్తది, ఒకరు పాతది పట్టుకుంటే గురువారం సాయంత్రం జపానికి ముందు వాదన ఖాయం.

అయిదు పదులకూ తొందరపడకుండా చెప్తే 15 నుంచి 20 నిమిషాలు. పది నిమిషాల్లోపు అయిపోయిందంటే ఎక్కడో మింగేస్తున్నారు. సిలువ పట్టుకుని విశ్వాస సంగ్రహం (నమ్మేవాటిని ఒప్పుకునే జపం), పెద్ద పూసకు పరలోక జపం, మూడు చిన్నవాటికి విశ్వాసం, నమ్మకం, ప్రేమల కోసం మూడు మంగళవార్తలు (మరియమ్మకు వందనం చెప్పే జపం, పదుల్లో ప్రతి చిన్న పూసకూ ఇదే), తర్వాత తండ్రికి, కుమారునికి, పవిత్రాత్మకు మహిమ చెప్పే త్రిత్వ స్తోత్రం. ఆపైన ప్రతి పదికీ ముందు దేవరహస్యం పేరు చెప్పి రెండు ఊపిర్ల సేపు ఆగాలి. కుటుంబ ప్రార్థనలో ఎగిరిపోయేది ఈ ఆగడమే. అది లేకపోతే చెప్తున్నది కానా పెళ్లో కల్వరి కొండో ఎవరికీ గుర్తుండదు.

రెండో పొరపాటు సగాల దగ్గర. ఇంట్లో ఒకరు “దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము” అని మొదటి సగం చెప్తే, మిగతావాళ్లు “పరిశుద్ధ మరియమ్మా” అని అందుకుంటారు. చెప్పేవాళ్లు “మీ గర్భఫలమగు యేసు” అనేలోపే అవతలివాళ్లు మొదలుపెట్టేస్తారు. మంగళవార్తకు నట్టనడుమ ఉండే యేసు నామమే ఆ తోపులాటలో వినబడకుండా పోతుంది. వేగం తగ్గించండి అని చెప్తే ఎవరూ తగ్గించరు. చిన్నవాళ్లలో ఒకరికి మొదటి సగం అప్పగించండి, వాళ్లు నిదానంగా కూడబలుక్కుని చెప్తారు, ఇల్లంతా వాళ్ల వెంటే నడుస్తుంది.

20 నిమిషాలు ఒకేచోట కుదరనివాళ్లు పదులుగా విడగొట్టుకోవచ్చు. ఒక పదికి మూడు నిమిషాలు, పాలు పొంగేలోపు ఒకటి అయిపోతుంది. ఆగిన చోట సేఫ్టీపిన్ను గానీ చిన్న క్లిప్పు గానీ తగిలిస్తే సాయంత్రం వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడా తాడు జపమాలే నయం, గొలుసుదానికి పిన్ను పెడితే లింకు వంగుతుంది. నిద్రపట్టనప్పుడు పడుకుని చెప్పేవాళ్లు మాత్రం తాడు మెడకు చుట్టుకోకుండా మణికట్టుకు వేసుకోవాలి.

బాప్టిస్టు, లూథరన్ కుటుంబాల నుంచి పెళ్లయి వచ్చిన కోడళ్లకు మొదట జపమాల కన్నా మాటలే కొత్తగా ఉంటాయి. వాళ్లు తండ్రిని “నీ నామము పరిశుద్ధపరచబడు గాక” అంటారు, మన పరలోక జపంలో “మీ నామము పూజింపబడునుగాక” అని ఉంటుంది. తెలుగు జపాలు అచ్చేసిన చిన్న పుస్తకం జపమాలతో పాటే కొనిస్తే ఆ ఇబ్బంది త్వరగా పోతుంది.

‘ఇది ఆశీర్వదించిందేనండీ’ అని ఎక్కువ ధర చెప్తే నమ్మొద్దు. ఆశీర్వాదాన్ని అమ్మకూడదు. మామూలు ధరకే కొని, పూజ అయ్యాక ఫాదరుగారి దగ్గరికి తీసుకెళ్లండి, ఒక్క నిమిషం పని. పిల్లల కోసం డజను కొన్నా అన్నిటినీ ఒక కవర్లో పెట్టి ఒకేసారి చూపిస్తే సరిపోతుంది.

తెగిపోయి ఇక బాగుకాని ఆశీర్వదించిన జపమాలను చెత్తబుట్టలో వేయరు. చెక్కదైతే కాల్చి బూడిదను మట్టిలో కలుపుతారు, గాజూ లోహమూ అయితే ఎవరూ తొక్కని చోట పాతిపెడతారు. అంతకుముందు పూసలు ఒకసారి ఏరి చూడండి. పది చిన్నవీ ఒక పెద్దదీ బాగుంటే, కొత్త నైలాన్ తాడుకు గుచ్చి చేతికి కట్టుకునే ఒక పది జపమాల అవుతుంది. తాడు మణికట్టు చుట్టుకొలత కన్నా బాగా ఎక్కువ తీసుకోండి, ముడులు చాలా తాడు మింగేస్తాయి.