ఇస్తాంబుల్‌లో ఓ నవల చిరునామా

ముందు బస సంగతి. టర్కీ నవలా రచయిత ఓర్హాన్ పాముక్ మ్యూజియానికి దగ్గరని జిహాంగిర్‌లో గది తీసుకున్నాం. లిఫ్టు ఉందా అని అడక్కుండా బుక్ చేయడం నా తప్పే. నాలుగో అంతస్తుకి సూట్‌కేసులు మోసిన మా ఆయన సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. వేణ్నీళ్ళు పది నిమిషాలకే చల్లబడేవి. కిటికీలోంచి బోస్ఫరస్ జలసంధి ఓ ముక్క కనబడింది కాబట్టి సరిపెట్టుకున్నాను. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు సుల్తానహ్మెత్‌లోనే దిగండి. అక్కడ టీ1 ట్రామ్ ఎక్కి తోప్‌హానెలో దిగితే, మ్యూజియానికి ఆపైన కాస్త ఎక్కుడు దారి, అంతే.

పాముక్‌కి నోబెల్ వచ్చింది 2006లో. 'మ్యూజియం ఆఫ్ ఇన్నోసెన్స్' నవల 2008లో, అదే పేరుతో మ్యూజియం 2012లో. చుకుర్‌జుమాలో పాత సామాన్ల దుకాణాల మధ్య ఎర్రటి ఇరుకు ఇల్లు. రాయడానికి ఏళ్ళ ముందే ఆ ఇల్లు కొని, వస్తువులు పోగేస్తూ వాటి చుట్టూ కథ అల్లాడాయన. చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకుని, ఆర్కిటెక్చర్‌లో చేరి మధ్యలో మానేసిన మనిషి. ఆ రెండూ చివరికి ఇక్కడ పనికొచ్చాయనిపించింది.

లోపలికెళ్ళగానే గోడంతా సిగరెట్ పీకలు, 4,213. నవలలో నాయిక ఫుసున్ కాల్చి పారేసినవి, ఆమెని ప్రేమించిన కెమాల్ దాచుకున్నవి. ఒక్కోదాని కింద చేత్తో రాసిన చిన్న మాట. పై అంతస్తుల్లో అధ్యాయానికో అద్దాల పెట్టె: ఉప్పు డబ్బాలు, పింగాణీ కుక్కలు, టీ గ్లాసులు. "ఇవన్నీ మా అమ్మ అటక మీద ఉన్నాయి" అన్నాడు మా ఆయన. నవల చదవలేదు మరి. ఆయనకి ఇరవై నిమిషాలు చాలాయి, నాకు రెండున్నర గంటలు చాల్లేదు. చదవకుండా వెళ్ళేవాళ్ళకి టిక్కెట్టు డబ్బులు దండగే అంటాను, 2014లో ఐరోపా ఉత్తమ మ్యూజియం అవార్డు వచ్చినా సరే. పుస్తకం తీసుకెళ్తే చివరి అధ్యాయంలో అచ్చేసిన టిక్కెట్టు మీద ముద్ర వేసి ఉచితంగా పంపిస్తారు. నా ప్రతి మీద ఆ ముద్ర చూసుకుని ఇప్పటికీ మురుస్తుంటాను.

పాముక్ పెరిగిన నిషాంతాషి పేటలో 'పాముక్ అపార్ట్‌మెంట్' బయటినుంచి చూడ్డమే. దానికోసం పనిగట్టుకుని వెళ్ళక్కర్లేదు. ఆ పూట ఏదైనా లోకాంతాలో (మామూలు భోజనశాల) మెర్జిమెక్ సూప్ తాగండి. మన పప్పుకట్టు చుట్టమే, నిమ్మకాయ కూడా పిండుకోవచ్చు.

అన్నట్టు, మ్యూజియానికి సోమవారం సెలవు. మేం మొదటిసారి ఆ ఎక్కుడు ఎక్కింది సోమవారమే.