ఐంధోవెనా, స్టట్‌గార్టా: కాపురం పెట్టడానికి ఏది మేలు?

మా పిన్ని కొడుక్కి ఒకే వారంలో రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో, చిప్పులు తయారుచేసే యంత్రాల మీద పని. రెండోది జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో, కార్ల సాఫ్ట్‌వేర్. "అక్కా, నువ్వు రెండు చోట్లా ఉన్నావుగా, ఏదో ఒకటి తేల్చి చెప్పు" అని, అక్కడ అర్ధరాత్రి దాటాక, ఫోన్ చేశాడు. జీతాలు, పన్నులు అన్నీ లెక్కలు కట్టి పెట్టుకున్నాడు. వాడు లెక్క కట్టనివే నేను చెప్పాల్సి వచ్చింది.

మేం ఐంధోవెన్‌లో మూడేళ్లు ఉన్నాం. స్టట్‌గార్ట్‌కి వచ్చి నాలుగేళ్లు దాటింది.

మొదటి నెల చూస్తే పోటీయే లేదు. ఐంధోవెన్‌లో విదేశీ ఉద్యోగుల కోసం పెట్టిన కేంద్రంలో రెసిడెన్స్ కార్డు, బి.ఎస్.ఎన్. అనే పౌర సంఖ్య రెండూ ఒకే పూట అయిపోయాయి, అంతా ఇంగ్లీషులోనే. ఆ నంబరుంటే జీతం పడుతుంది, బ్యాంకు ఖాతా వస్తుంది, డాక్టరు దగ్గర పేరు రాయించుకోవచ్చు. స్టట్‌గార్ట్‌లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు షూఫా అనే అప్పుల చరిత్ర కాగితం అడుగుతారు. ఇక్కడ ఖాతాలూ లావాదేవీలూ లేనివాళ్ల షూఫాలో చూపించడానికి ఏమీ ఉండదు. కొన్ని బ్యాంకులు ఖాతా తెరవడానికి చిరునామా నమోదు పత్రం అడుగుతాయి. ఆ నమోదుకి, అంటే ఆన్‌మెల్డుంగ్‌కి, ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టే ఉంటుంది. తాత్కాలికంగా ఫర్నిచర్‌తో ఉన్న గది తీసుకుని, అక్కడ నమోదు చేయించుకుని, తర్వాత అసలు ఇల్లు వెతుక్కోవడమే దారి.

ఆ నమోదు ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. మన క్రైస్తవ కుటుంబాలు ఆలోచించకుండా నింపేసి, మొదటి జీతం స్లిప్పు చూసి తెల్లబోతుంటారు. అక్కడి గుర్తింపు పొందిన చర్చీల సభ్యుల జీతంలోంచి చర్చి పన్ను కోస్తారు. స్టట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్‌లో అది ఆదాయపు పన్నులో 8 శాతం. కట్టాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది, తెలిసి కట్టడం వేరు. నెదర్లాండ్స్‌లో ఈ గొడవ లేదు.

ఇళ్ల సంగతికొస్తే రెండు దేశాలూ రెండు రకాలుగా ఆశ్చర్యపరుస్తాయి. డచ్ ప్రకటనల్లో 'కాల్' అని ఉంటే బోడి ఇల్లు అని అర్థం. కర్టెన్లు, లైట్లు లేకపోవడమే కాదు, నేల మీద పరిచే పలకలు కూడా ఉండవు, కింద కాంక్రీటే. మేం ఆ మాటకి అర్థం తెలియక తీసుకుని, రెండు శని, ఆదివారాలు మోకాళ్ల మీద కూర్చుని పలకలు పరుచుకున్నాం. జర్మనీలో నేల ఉంటుంది, వంటిల్లే ఉండదు. గోడలోంచి పైపు బయటికి వచ్చి ఉంటుంది, సింకు మనమే తెచ్చుకోవాలి. మూడు వారాలు ఇండక్షన్ స్టవ్ మీద వండి, గిన్నెలు బాత్రూంలో తోమాను. అడ్వాన్సు నెదర్లాండ్స్‌లో రెండు నెలల అద్దె మించకూడదు. జర్మనీలో మూడు నెలల దాకా అడగొచ్చు, కానీ దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది. చాలామంది ఓనర్లు ఆ మాట ఎత్తరు, మనమే ఎత్తాలి.

డబ్బు విషయంలో నెదర్లాండ్స్‌కి ఒక పెద్ద ఆకర్షణ ఉంది. బయటి దేశం నుంచి రప్పించుకున్న నిపుణులకి, అర్హత ఉంటే, జీతంలో 30 శాతం దాకా అయిదేళ్లపాటు పన్ను పడదు. 2027 నుంచి అది 27 శాతం. మావాడి లెక్కలన్నీ దీని చుట్టూనే తిరుగుతున్నాయి. కానీ అయిదో ఏడు దాటాక చేతికొచ్చే జీతం ఒక్కసారిగా తగ్గుతుంది. అప్పటికే పెద్దింటికి మారినవాళ్లకి అది గట్టి దెబ్బే.

ఈ రాయితీతో పాటే ఇంకో సౌకర్యం ఉంది. అది ఉన్నవాళ్లూ, వాళ్లతో ఉండే కుటుంబమూ ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చేసి, పరీక్ష లేకుండా డచ్ లైసెన్స్ తీసుకోవచ్చు. మేమిద్దరం అలాగే తీసుకుని, ఇంక యూరప్ అంతా మనదే అనుకున్నాం. జర్మనీకి మారాక తెలిసింది, అలా పరీక్ష లేకుండా మార్చుకున్న లైసెన్స్ అక్కడ స్థిరపడినవాళ్లకి చెల్లదని. కార్డు వెనకాల 70 అని ఒక కోడ్ ఉంటుంది, దాన్ని బట్టి ఇట్టే కనిపెడతారు. మళ్లీ రాతపరీక్ష, మళ్లీ రోడ్డు పరీక్ష. హైదరాబాదులో పదకొండేళ్లు కారు నడిపినదాన్ని, డ్రైవింగ్ నేర్పే కుర్రాడి పక్కన కూర్చుని, భుజం వెనక్కి తిప్పి చూడటం నేర్చుకున్నాను. ఖర్చు ఇద్దరికీ కలిపి చెప్తే మా అమ్మ నమ్మలేదు.

ఆరోగ్య బీమాలో మాత్రం జర్మనీదే పైచేయి, ముఖ్యంగా ఒక్కరే సంపాదించే ఇంట్లో. నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్లు ఎవరి బీమా వాళ్లు కట్టుకోవాలి, ఉద్యోగం ఉన్నా లేకపోయినా. మనిషికి నెలకి 150 యూరోల పైనే, ఆ పైన ఆస్పత్రి ఖర్చులో ఏడాదికి మొదటి 385 యూరోలు మన జేబులోంచే. పిల్లలకి ఉచితం. జర్మనీ ప్రభుత్వ బీమాలో జీతంలో ఇంత శాతమని కోసి, దాదాపు సగం కంపెనీ భరిస్తుంది. సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో వేరే కట్టక్కర్లేదు. ఇక వైద్యం తీరు వేరు. డచ్ ఫ్యామిలీ డాక్టరుని దాటి స్పెషలిస్టు దగ్గరికి వెళ్లలేం, ఆయనేమో చాలావాటికి "పారాసిటమాల్ వేసి రెండు రోజులు చూడండి" అంటాడు. మూడేళ్ల పిల్లకి జ్వరం వచ్చినప్పుడు ఆ మాట వింటే ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు ఆలోచిస్తే చాలాసార్లు ఆయన చెప్పిందే సరైనది. మనకేమో యాంటీబయాటిక్ రాయని డాక్టరు డాక్టరులాగే కనపడడు.

ఇంతవరకూ అన్నీ కాగితంమీద పోల్చగలిగేవే. అసలు తేడా భాషలో ఉంది.

ఐంధోవెన్‌లో ఇంగ్లీషుతో మూడేళ్లు హాయిగా బతికాను. కూరలమ్మే ఆవిడ, బస్సు డ్రైవరు, పక్కింటి తాత, అందరూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే. నేను డచ్‌లో ఒక వాక్యం మొదలుపెడితే, యాస వినగానే మర్యాదగా ఇంగ్లీషులోకి మారిపోయేవాళ్లు. ఆ మర్యాదే నన్ను గుమ్మం దగ్గర ఆపేసింది. ఒకసారి ఎదురింటివాళ్లు పుట్టినరోజుకి పిలిచారు. అక్కడ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు, పుట్టినరోజు ఎవరిదైనా ఇంట్లో ఉన్న ప్రతివాళ్లకీ శుభాకాంక్షలు చెప్పాలి. మొదటి పావుగంట నా కోసం ఇంగ్లీషులో మాట్లాడారు. తర్వాత వాళ్లకి తెలియకుండానే డచ్‌లోకి జారిపోయారు. నేను కేకు ముక్క పట్టుకుని, అందరూ నవ్వినప్పుడు నవ్వుతూ కూర్చున్నాను. ఎవరి తప్పూ లేదు.

స్టట్‌గార్ట్‌లో ఎవరూ అలా మారలేదు. పోస్టులో వచ్చే ప్రతి ఉత్తరం జర్మన్‌లోనే. పిల్లకి పళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చెయ్యాలంటే, వాక్యాలు ముందు కాగితం మీద రాసుకుని, రెండుసార్లు చదువుకుని చేసేదాన్ని. అవతలివాళ్లు నేను రాసుకోని ప్రశ్న అడిగితే ఫోన్ పెట్టేసేదాన్ని. మొదటి ఏడాది చాలాసార్లు ఏడ్చాను. కానీ పద్నాలుగు నెలలకి బి1 అనే మధ్యస్థాయి జర్మన్ పరీక్ష పాసయ్యాను. తెలివి ఎక్కువై కాదు, వేరే దారి లేక.

స్టట్‌గార్ట్ చుట్టుపక్కల కేర్‌వోహె అని ఒక ఆచారం ఉంది. అపార్ట్‌మెంట్‌లో వారానికొకరి వంతు: మెట్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టాలి, కొన్ని ఇళ్లలో బయట దారి, చలికాలంలో మంచు కూడా. వంతు వచ్చినవాళ్ల తలుపుకి ఒక చిన్న బోర్డు తగిలిస్తారు. నా మొదటి వంతుకి పై అంతస్తు పెద్దావిడ దిగి వచ్చి, మెట్ల మూలలు వేలితో చూపించి, ఒక్కొక్కటీ తుడిపించింది. మా నాయనమ్మ గుర్తొచ్చింది, వాకిలి చిమ్మితే చీపురు గీతలు కూడా వరసగా ఉండాలనేది. మరుసటి సంక్రాంతి సరిగ్గా నా వంతు వారంలో పడింది. పొద్దున్నే గుమ్మం ముందు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేశాను. పదినిమిషాల్లో ఆవిడ తలుపు కొట్టింది: కేర్‌వోహె వారంలో ఇక్కడ పిండి ఎవరు ఒలకబోశారని. నాకొచ్చిన జర్మన్‌లో పండగ, పంట, చీమలకి ఆహారం అంతా చెప్పాను. విని, శనివారం లోపు కడిగెయ్యాలన్న షరతుమీద ఒప్పుకుంది. ఆవిడతో గట్టిగా మాట్లాడిన మొదటి సంభాషణ అదే. ఇప్పుడు ఆ మెట్లమీద నాకు తెలియని మనిషి లేరు. ఐంధోవెన్‌లో మా ఇంటి వరసలో నాకు బాగా తెలిసింది ముగ్గురు, ఆ ముగ్గురూ తెలుగువాళ్లే.

శాశ్వత నివాసం కూడా జర్మనీలో త్వరగా వస్తుంది. బ్లూ కార్డు, అంటే నిపుణులకిచ్చే ఉద్యోగ అనుమతి, ఉన్నవాళ్లకి బి1 భాషతో 21 నెలలకి, మొదటి మెట్టయిన ఎ1 తో 27 నెలలకి. నెదర్లాండ్స్‌లో అయిదేళ్లు, ఆపైన పరీక్ష. జర్మనీ 2024 జూన్ నుంచి పాత పౌరసత్వం వదులుకోమని అడగడం మానేసింది, కానీ దీనివల్ల మనకి ఒరిగేది తక్కువ. రెండో పౌరసత్వాన్ని ఇండియాయే ఒప్పుకోదు, ఎలాగూ విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డే గతి.

తిండికి ఎక్కడా లోటు లేదు. స్టట్‌గార్ట్‌లో టర్కీవాళ్ల కొట్లలో వంకాయలు, బెండకాయలు, శ్రీలంక తమిళుల కొట్లలో కరివేపాకు. నెదర్లాండ్స్‌లో 'తోకో' అనే ఆసియా సరుకుల కొట్లుంటాయి, వాటిలో మన కాయగూరలు దొరకడం వెనక ఒక కథ ఉంది. 1873 నుంచి మన దేశపు కూలీలని ఓడల్లో దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినామ్‌కి తీసుకెళ్లారు. 1975లో సురినామ్‌కి స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో వాళ్ల సంతతి పెద్దసంఖ్యలో నెదర్లాండ్స్‌కి వచ్చింది. వాళ్లతోపాటు రొట్టె, పప్పు, కాకరకాయ కూడా వచ్చాయి. ఇంకోటి, ఆఫీసు క్యాంటీన్‌లో ఆరడుగుల డచ్చివాళ్లు మధ్యాహ్నం రొట్టె, చీజ్ తింటూ గ్లాసెడు మజ్జిగ తాగుతారు. మన భీమిలిలో సమాధులు వదిలివెళ్లిన ఆ డచ్చివాళ్లే!

జర్మనీ ఆదివారం గురించి కూడా వాడికి చెప్పాను: దాదాపు కొట్లన్నీ మూత, డ్రిల్లింగ్ మిషన్ ముట్టుకోకూడదు, ఖాళీ సీసాలు గాజు డబ్బాలో వేయకూడదు. శనివారం పెరుగు కొనడం మర్చిపోతే సోమవారం దాకా చారే.

ఇంతకీ ఏది మేలని మళ్లీ అడిగాడు. ఎన్నేళ్లుంటావు అని అడిగాను. "నాలుగేళ్లక్కా, తర్వాత వచ్చేస్తాం, అమ్మానాన్న ఒంటరివాళ్లు." వాడి భార్య టెస్టింగ్ ఉద్యోగం వదిలి వస్తోంది, ఆర్నెల్లలో మళ్లీ చేరాలని ఉంది. ఇంగ్లీషుతో నడిచే ఉద్యోగాలు ఐంధోవెన్‌లోనే తేలిక, స్టట్‌గార్ట్ కార్ల కంపెనీల్లో జర్మన్ అడిగేవి చాలా. పన్ను రాయితీ అయిదేళ్లు, వాడుండేది నాలుగేళ్లు. నాకైతే స్టట్‌గార్టే ఇష్టం, ఇంకోసారి ఎంచుకోమన్నా అదే. కానీ వాడికి ఐంధోవెనే సరి, అదే చెప్పాను.

నిన్న వాడి భార్య ఫోన్ చేసింది. ఇళ్ల ఫోటోలు పంపింది, ఒకదాంట్లో నేల బూడిదరంగులో ఉంది. "అది రంగు కాదమ్మా, కాంక్రీటు. నేల ఉందో లేదో ముందు అడగండి" అన్నాను. మావాడికి కాకరకాయ వేపుడు లేకపోతే వారం గడవదు, అక్కడ దొరుకుతుందా అని అడిగింది. తోకోకి వెళ్లి సోప్రోపో అని అడగమన్నాను.